బంగారమ్మ పొయ్యి చల్లారిన వైనం

చినవేమారంలో పులగం వారి ఇల్లెక్కడని ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు కూడా. అది తమ తెలివికి ముచ్చటపడి నవ్వే నవ్వని పులగం వారి నమ్మకం.

ఆ ఇంట్లో నలుగురు. తల్లి బంగారమ్మ, పెద్దకొడుకు వీరభద్రం, అతని పెళ్ళాం పార్వతాలు, పెళ్ళికాని తమ్ముడు పోతురాజు. నలుగురిలోకీ తెలివైనవాడు వీరభద్రం. ఈ మాట ఊరు అనలేదు, వీరభద్రమే అన్నాడు. మిగతా ముగ్గురూ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అతని దృష్టిలో తెలివంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తెలిసినవాళ్ళు చెప్పింది పొల్లుపోకుండా చెయ్యాలి, సొంత కవిత్వం కలపకూడదు. అంతే.

కిందటేడు గాలివానకి వీధిలో కరెంటు తీగ తెగిపడింది. లైన్‌మాన్ వచ్చి, కరెంటు వచ్చేదాకా ఎవరూ గడప దాటొద్దని గట్టిగా చెప్పి వెళ్ళాడు. గంటలో ఊరంతటికీ కరెంటు వచ్చింది. పులగం వారింట్లో మాత్రం బల్బు మాడిపోయి ఉంది. ఇంకేముంది, నలుగురూ రెండు రోజులు చీకట్లో గడప లోపలే కూర్చున్నారు. మూడో రోజు పోతురాజు కిటికీలోంచి దూకి వెళ్ళి కొత్త బల్బు తెచ్చాడు. కిటికీకి గడప ఉండదు కదా. ఆ ఉపాయం వీరభద్రానిది. ఇప్పటికీ చుట్టాలెవరైనా వస్తే మంచినీళ్ళిచ్చేలోపే ఈ సంగతి చెప్పేస్తాడు.

అలాంటి ఇంటికి పొయ్యి గండం వచ్చింది.

ఆరేళ్ళుగా బంగారమ్మకి కళ్ళు మసకలు. అయినా వంట మానలేదు. చేత్తో తడుముకుంటూ, వాసన చూసుకుంటూ వండేది. ఆ చేతి వంకాయ పులుసు తింటే వీరభద్రానికి రెండు రోజులు చెయ్యి కడుక్కోబుద్ధయ్యేది కాదు. పొయ్యి ఎలా ఉందో ఆమెకి కనబడలేదు, కనబడేవాళ్ళు చూడలేదు. మొన్న కాకినాడలో ఉన్న కూతురు ఆమెని తీసుకెళ్ళి కంటి ఆపరేషన్ చేయించింది. పది రోజులు అక్కడే ఉండిపోయింది ముసలావిడ.

ఆ పది రోజులూ వంట పార్వతాలు చేసింది. అన్నం మూడు విజిల్స్ వచ్చాక దించమని అత్త చెప్పి వెళ్ళింది. పార్వతాలు చెవులు రిక్కించి లెక్కపెట్టేది. పక్కింటి కుక్కరు రెండు వేసి, తమది ఒకటి వెయ్యగానే దించేసేది. మూడంటే మూడే. పది రోజులుగా వీరభద్రం బియ్యానికీ అన్నానికీ మధ్యనున్న పదార్థమేదో నములుతున్నాడు. దవడలు నొప్పి పుట్టాయి, లుంగీ వదులైపోయింది.

పదో రోజు బంగారమ్మ ఫోన్ చేసింది. రేపు సాయంత్రం ఆటోలో వస్తున్నానంది. కళ్ళు బ్రహ్మాండంగా కనబడుతున్నాయంది. కూతురింట్లో పొయ్యి చూసి ముచ్చటేసిందట. తన తమ్ముడు కొనిచ్చిన స్టీలు గ్యాసు పొయ్యి గుర్తొచ్చిందట.

“నా పొయ్యి తెచ్చిన రోజున ఎలాగుందో అలాగుండాల్రా పెద్దోడా. అది చూశాకే ఆటో దిగుతాను. లేదంటే అదే ఆటోలో మీ చెల్లెలింటికి ఎనక్కెళ్ళిపోతాను. ఇంక రాను” అని ఫోన్ పెట్టేసింది.

వీరభద్రం గుండెల్లో రాయి పడింది. అమ్మ వెనక్కెళ్ళిపోతే బతుకంతా మూడు విజిల్స్ అన్నమే. మర్నాడు తెల్లారగానే పెళ్ళాన్నీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు నిలబడ్డాడు. పొయ్యి కనబడలేదు. ఆరేళ్ళ పాల పొంగులూ, పప్పు పొంగులూ, చేపల పులుసు చిందులూ పొర మీద పొర పేరుకుని నల్లగా ఒక దిబ్బ కనబడింది. పోతురాజు గోరుతో ఒక మూల గీకితే, ఎప్పుడో పోయిన పార్వతాలు పిన్నీసు బయటపడింది. ఆమె దాన్ని జాకెట్టుకి పెట్టుకుని, ఇంకా రెండు పోయాయి, అవీ ఇక్కడే ఉంటాయి, కానివ్వండి అంది.

తెలియని పని అడిగి చెయ్యాలి. వీరభద్రం గోడ దగ్గరకెళ్ళి పక్కింటి సుందరమ్మ పిన్నిని అడిగాడు. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. పులగం వారితో ఎక్కువ మాట్లాడితే తలనొప్పి వస్తుందని ఆవిడకి అనుభవం. అందుకని ఒక్క ముక్కలో తేల్చేసింది. పొయ్యి బాగా చల్లారనివ్వండి, చల్లారాకే చెయ్యి వెయ్యండి, లేకపోతే కాలుతుంది అంది.

వీరభద్రం వచ్చి ఆ మాట చెప్పాడు. పార్వతాలు జ్వరం చూసినట్టు పొయ్యి మీద చెయ్యి వేసి చూసి, నీళ్ళకుండలా చల్లగా ఉంది, మొదలెడదామంది. వీరభద్రం జాలిగా నవ్వాడు.

“చల్లగా ఉండటం వేరు, చల్లారటం వేరు పార్వతాలూ. పిన్ని చల్లారాకే అంది. చల్లారాలంటే ముందు వేడెక్కాలి గదా.”

పోతురాజు అన్నయ్య వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఈ ముక్క తనకి జన్మలో తట్టేది కాదు.

అంతే. రెండు బర్నర్లూ వెలిగించి, పైన గిన్నె కూడా లేకుండా గంటసేపు పెద్ద మంట మీద ఉంచారు. అప్పటిదాకా మురికి కాస్త జిగురుగానైనా ఉండేది. ఇప్పుడు ఇటుకలా కాలి గట్టిపడింది. ఇల్లంతా పొగ. పక్కిల్లంతా దగ్గు. తర్వాత మంట ఆర్పి, పార్వతాలు విసనకర్రతో విసిరింది. పోతురాజు పుణ్యానికి పోయి తడి తువ్వాలు కప్పాడు. తువ్వాలు పొయ్యికి అంటుకుపోయింది. పది గంటలకి పొయ్యి చల్లారింది. వీరభద్రం దాన్ని ముట్టుకుని, ఇదీ చల్లారటమంటే అన్నాడు.

పొగకి కళ్ళు తుడుచుకుంటూ సుందరమ్మే గోడ దగ్గరకొచ్చింది. ఏం చేశారని అడగలేదు, అడిగే ఓపిక లేదు. బర్నర్లు ఊడదీసి చింతపండు నీళ్ళలో ఉప్పు వేసి, చారు మరిగించినట్టు మరిగించమంది. పొయ్యి ఒంటిని బూడిదా కొబ్బరిపీచూ పెట్టి మెరిసేదాకా తోమమంది.

పార్వతాలు పెరట్లో నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. చింతపండు పిసికింది, ఉప్పు వేసింది, బర్నర్లు వేసింది. చారు మరిగించినట్టు అన్నారు కదా, మరి చారుకి మిరియాలు వెయ్యరా. వేసింది. ధనియాల పొడి వేసింది, కరివేపాకు దూసింది. చివర్న ఇంగువతో పోపు పెట్టి మూత వేసింది. ఆ వాసనకి వీరభద్రం కాళ్ళు వాటంతటవే పెరట్లోకి నడిచాయి. పది రోజుల తర్వాత ఇంట్లో తిండి వాసన వచ్చింది. ఇంకేముంది, ముగ్గురూ అక్కడే చతికిలబడి, మూడు విజిల్స్ అన్నంలో ఆ చారు పోసుకుని జుర్రుకున్నారు. అడుగున గట్టిగా ఏదో తగిలితే పోతురాజు తీసి కాసేపు నమిలాడు.

“ములక్కాడ ముదిరిపోయిందొదినా” అన్నాడు.

అది చిన్న బర్నరు. నోట్లోంచి తీస్తే బంగారంలా తళతళలాడింది. పెద్ద బర్నరు పార్వతాలు వంతుకి వచ్చింది, అదీ మెరిసింది. ఆ రోజు మొత్తంలో సవ్యంగా జరిగిన పని అదొక్కటే.

పొయ్యి ఒంటిని వంతులవారీగా తోమారు. పీచు అరిగిపోయింది, బూడిద అయిపోయింది, పార్వతాలు గాజులు రెండు చిట్లాయి. పిన్నీసులు మాత్రం దొరకలేదు. మధ్యాహ్నానికి తువ్వాలు ఊడొచ్చింది, దాంతోపాటు నలుపూ ఊడొచ్చింది. కింద నుంచి స్టీలు కనబడేసరికి వీరభద్రానికి నిజంగా కన్నీళ్ళొచ్చాయి. అమ్మ దిగుతుంది అనుకున్నాడు.

ఆరబెట్టడం ఎలాగో కూడా అడిగాడు, తొందరపడే మనిషి కాదు. సుందరమ్మ కునుకు తీద్దామని చాప వేసుకుంటోంది. ఎండలో పెట్టండి, ఎండ ఎటు జరిగితే పొయ్యిని అటు జరపండి, ఇంక నన్ను లేపకండి అని తలుపేసుకుంది. ఆ పని పోతురాజుకి అప్పగించి, వీరభద్రం గోడకి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి మూడు దాటింది. పెరట్లో నీడ. పొయ్యి లేదు, పోతురాజు లేడు. పార్వతాలు చల్లగా చెప్పింది. పెరట్లో ఎండ వీధిలోకి జరిగిందట, మరిది పొయ్యి ఎత్తుకుని వీధిలోకి వెళ్ళాడట, అక్కడా నీడ పడితే ఇంకాస్త అలా వెళ్ళాడట. ఎటని అడిగితే పడమటి వైపు చెయ్యి చూపించింది.

వీరభద్రం సైకిలెక్కి తొక్కాడు. అమ్మ బయల్దేరే ఉంటుంది, ఇక్కడ అసలు పొయ్యే లేదు. సోడాకొట్టు వాడు, ఇందాకే పోయాడన్నాడు. రైసుమిల్లు దగ్గర, పొయ్యి అమ్ముతావా అనడిగితే ఎండ చూసుకుంటూ జవాబు చెప్పకుండా పోయాడన్నారు. ఊరు దాటింది, చేలు దాటాయి. చివరికి కాలవగట్టు మీద చెట్ల నీడలో కనబడ్డాడు పోతురాజు. నెత్తి మీద తుండుగుడ్డ చుట్ట, దాని మీద పొయ్యి. అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఎండ కాలవ దాటేసిందన్నయ్యా. నాకేమో ఈత రాదు. ఏం చెయ్యాలా అని చూస్తున్నా” అన్నాడు.

వీరభద్రం తిట్టలేదు. చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణి ఏమని తిడతాడు. చెమటతో తడిసి ముద్దయిన తమ్ముణ్ణి చూస్తే జాలేసింది, గర్వంగానూ అనిపించింది. పొయ్యి తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

వంటింటి గట్టు మీద పెట్టి, బర్నర్లు బిగించి, గ్యాసు గొట్టం తగిలించేసరికి నాలుగున్నర. పొయ్యి నిగనిగలాడిపోతోంది. అక్కడితో ఆగితే వాళ్ళు పులగం వారు ఎందుకవుతారు. వీరభద్రానికి అమ్మ మాట గుర్తొచ్చింది. తెచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉండాలంది. తెచ్చిన రోజున ఎలా ఉంది? పసుపు రాసి, బొట్లు పెట్టి, మీద పాలు పొంగించారు. పాలు పొంగి నాలుగు వైపులా కారాయి, అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఇప్పుడు దీని మీద పాలు పొంగితే గానీ అమ్మ మాట నెరవేరినట్టు కాదు.

అంతే. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, గేదె పాలు గిన్నెలో పోసి పెట్టారు. పాలు బుసబుసా పొంగి పొయ్యంతా కారి, చుయ్యిమని మాడాయి. ముగ్గురూ దణ్ణం పెట్టుకున్నారు. దణ్ణం అయ్యాక చూస్తే పొయ్యి మురికిగా ఉంది.

ఇలా ఉంటే అమ్మ దిగదు. మళ్ళీ తోమారు. తోమితే మళ్ళీ కొత్తదై కూర్చుంది. కొత్త పొయ్యి మీద పాలు పొంగించకపోతే ఇంటికి అరిష్టం. సుందరమ్మ ఇంట్లో పాలు అడిగి తెచ్చి మళ్ళీ పొంగించారు. మళ్ళీ మురికి. మళ్ళీ తోమారు. మళ్ళీ కొత్తది. టీకొట్లో ఉన్న పాలన్నీ పోతురాజు మోసుకొచ్చాడు. మూడోసారి తోముతూ వీరభద్రం ఆగి ఆలోచనలో పడ్డాడు. ఇందులో ఎక్కడో మెలిక ఉంది అనిపించింది. దాని కొస దొరకలేదు. దొరికేదాకా పని ఆపకూడదు కాబట్టి తోముతూనే ఉన్నాడు.

నాలుగోసారి గిన్నె పొయ్యి మీద పెట్టారు. పాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. అప్పుడు వీధిలో ఆటో హారన్ మోగింది.

ఆటో కామేశు అనే కుర్రాడిది. మొన్ననే కొత్త రెగ్జిన్ సీటు వేయించుకున్నాడు, ఎర్రగా, చుట్టూ కుచ్చులతో. దాని మధ్యలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బంగారమ్మ రాణీగారిలా కూర్చుంది. కామేశు దాహమేసి సుందరమ్మ ఇంటికి మంచినీళ్ళకని వెళ్ళాడు. వీరభద్రం పరిగెత్తుకెళ్ళి, పొయ్యి తయారుగా ఉంది, లోపలికొచ్చి చూసుకోమన్నాడు.

బంగారమ్మ ఒక కాలు కింద పెట్టబోయి ఆగిపోయింది. నెల్లాళ్ళు పొయ్యి దగ్గరకి వెళ్ళొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడట. వేడి తగిలితే కళ్ళు పాడైపోతాయన్నాడట. పొయ్యి చూడకుండా దిగనని తను మాట అనేసింది. చూద్దామంటే దగ్గరకి వెళ్ళకూడదు. ఆవిడ ఎటూ తేల్చుకోలేక కాలు మళ్ళీ ఆటోలోకి లాక్కుంది.

“నా రాత ఇంతేరా. కామేశుని పిలువు, ఎనక్కెళ్ళిపోతాను” అంది.

వీరభద్రానికి కళ్ళ ముందు కుక్కరు తిరిగింది. పది రోజుల ఆకలీ, పొద్దుట్నుంచీ తోమిన తోముడూ, కాలవగట్టూ, కారిపోయిన పాలూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనే బుర్ర పనిచేసింది.

“అమ్మా, నిన్ను పొయ్యి దగ్గరకి ఎళ్ళొద్దన్నాడు డాక్టరు. పొయ్యిని నీ దగ్గరకి రావద్దన్నాడా?”

బంగారమ్మ ఆలోచించింది. డాక్టరు చెప్పిందంతా మొదట్నుంచి చివరిదాకా మనసులో ఒకసారి చెప్పుకుంది.

“లేదురా” అంది మెల్లగా. “పొయ్యికి ఆయనేం చెప్పలేదు.”

ఇంకేముంది. వీరభద్రం ఒక పక్కా పార్వతాలు ఒక పక్కా పట్టుకుని, వెలుగుతున్న పొయ్యిని పాలగిన్నెతో సహా పీట మీద పెట్టి మోసుకొచ్చారు. వెనకాల పోతురాజు సిలిండరు భుజానికెత్తుకుని గొట్టం తెగకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. పీట తెచ్చి ఎర్ర సీటు మీద బంగారమ్మ పక్కన పెట్టారు. చుట్టం పక్కన చుట్టం కూర్చున్నట్టుంది.

బంగారమ్మ నల్లద్దాలు తీసింది. వంగి చూసింది. ఆ స్టీలులో ఒక మొహం కనబడింది. ఆరేళ్ళయింది ఆవిడ తన మొహం సరిగ్గా చూసుకుని. ఎంత ముసిలిదాన్నయిపోయానే అనుకుంది. ఆ మొహం వెనక ఇంకో మొహం ఉంది, బుగ్గలు లోపలికి పోయి, బూడిద పూసుకుని, ఆశగా చూస్తోంది. ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగి కొడుకు చెంప తడిమింది.

“ఇంతలా చిక్కిపోయావేంట్రా నాయినా” అంది.

అప్పుడు పొంగాయి పాలు. గిన్నె మీంచి పొయ్యి మీదకి, పొయ్యి మీంచి పీట మీదకి, పీట మీంచి కొత్త సీటు మీదకి, కుచ్చుల మీదుగా కిందకి కారాయి. మంట ఆరిపోయింది. నలుగురూ దణ్ణం పెట్టుకున్నారు. పాలు చీరకుచ్చెళ్ళకి తగులుతుంటే బంగారమ్మ ఎగిరి కిందకి దూకింది. దిగేసింది. వీరభద్రానికి ప్రాణం లేచొచ్చింది. రేపట్నుంచి అమ్మ అరుగు మీద కూర్చుంటుంది, పొయ్యే అక్కడికి వస్తుంది, మొదటి రోజు వంకాయ పులుసు అని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.

మంచినీళ్ళు తాగి వచ్చిన కామేశు సీటు చూసి అక్కడే కూలబడ్డాడు. బంగారమ్మ కొడుకుల్ని కేకలేసింది. అంత దూరం నుంచి భద్రంగా తీసుకొచ్చిన పిల్లాడు, వాడి సీటు శుభ్రం చేసి మరీ పంపాలంది. పొయ్యి తోమినవాళ్ళకి సీటు ఒక లెక్కా. అయినా అడిగి చెయ్యాలి కాబట్టి వీరభద్రం గోడ వైపు చూశాడు. సుందరమ్మ అప్పటికే అక్కడ తల పట్టుకుని నిలబడి ఉంది. మరిగిన పాలు, చేతులు కాల్చుకునేరు, చల్లారాక తుడవండి అని లోపలికి వెళ్ళిపోయి గడియ పెట్టుకుంది.

సాయంత్రపు గాలి వీస్తోంది. కాసేపాగి పార్వతాలు సీటు మీద చెయ్యి వేసి చూసింది. నీళ్ళకుండలా చల్లగా ఉందని చెప్పి గుడ్డ తీసుకుంది. తుడవబోతుంటే పోతురాజు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“చల్లగా ఉండటం వేరు, చల్లారటం వేరొదినా” అన్నాడు.

వీరభద్రం ఛాతీ ఉప్పొంగింది. తన తర్వాత ఇంటి తెలివి ఏమైపోతుందో అని అతనికి లోలోపల ఒక దిగులుండేది, అది తీరిపోయింది. పొయ్యి ఎలాగూ ఆటోలోనే ఉంది. అన్నదమ్ములిద్దరూ దాన్ని ఎత్తి జాగ్రత్తగా సీటు కిందకి జరిపారు, సిలిండరు దగ్గరికి లాగారు. కామేశు రెండు చేతులూ గాల్లో ఊపుతూ వాళ్ళ మీదకి పరిగెత్తుకొస్తుంటే బంగారమ్మ అతని భుజం పట్టి ఆపింది.

“కంగారు పడకు బాబూ. మావోళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తారు” అంది.

పోతురాజు అగ్గిపుల్ల గీశాడు.